మా ఇంట్లో లేని దూడ

మొన్న ఆదివారం చర్చి విడిచి ఇంటికొచ్చి చెప్పులు విప్పానో లేదో, మా సండేస్కూల్ టీచరమ్మ వెనకాలే వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచి నిండా కాగితాలు. పని పడి వచ్చేవాళ్ళు ముందు ఆరోగ్యం అడుగుతారు కదా. ఆమె కూడా నా మోకాళ్ళ సంగతి, బీపీ సంగతి అడిగి, ఆ తర్వాత సంచి నా ఒళ్ళో పెట్టింది.

"ఆంటీ, మన పిల్లలను చదివిస్తున్న బయటిదేశం వాళ్ళకు క్రిస్మస్ ఉత్తరాలు పంపాలె. పిల్లలు తెలుగుల రాసిన్రు. మీరు ఇన్నేండ్లు నర్సుగ చేసిన్రు, ఇంగ్లీష్ మంచిగొస్తది గదా. జర రాసియ్యరా?"

ఎన్ని ఉన్నాయని అడిగాను. అరవై అంది. అరవై చదివేసరికి నా కళ్ళు ఏమవుతాయో నేను ఆలోచిస్తుంటే ఆమే ధైర్యం చెప్పింది.

"అన్నీ చదువుడెందుకు ఆంటీ. అన్నిట్ల ఒక్కటే ఉంటది. మీరు ఒక్కటి మంచిగ రాసియ్యుండ్రి. మిగిలినయి నేను పేరు మార్చుకుంట పోత."

నాకు ఒళ్ళు మండింది. సంచి తీసి ఆమె చేతిలో పెట్టాను. "పేరు మార్చుకుంట పోయేదానికి పిల్లలతోని రాపిచ్చుడెందుకు? హాజరు పట్టీ పంపుండ్రి, సరిపోతది" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయి చూసింది. "నేనేం తప్పన్న ఆంటీ? మీకు తీరకపోతె ఫోన్ల పెడత, అదే ఇంగ్లీష్ చేస్తది" అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె తప్పేం లేదు. జీతం లేని పని, ఆదివారం పూట ఎండలో తిరుగుతోంది. చాయ్ తాగి పొమ్మని కూడా అనలేదు నేను. అప్పటినుంచి నా చిరాకు ఆమె మీద నుంచి దిగి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి చేరాల్సిన చోటికే చేరింది.

మా ఊరు మంథని వైపు, గోదావరి దగ్గర. ఊళ్ళో బడి అయిదో తరగతి దాకే. నాన్నను బాపు, అమ్మను అవ్వ అనేవాళ్ళం. బాపు ఒక పెద్ద రైతు దగ్గర పాలేరుగా జీతం ఉండేవాడు. అవ్వ బీడీలు చేసేది. ఇంట్లోకి అడుగుపెడితే ముందు తంబాకు ఘాటు, దాని వెనక తడిపిన తునికాకు వాసన, ఆ తర్వాతే మనుషులు. అన్నంలో కూడా ఆ వాసనే. మాకు అది వాసనని కూడా తెలియదు, హాస్టల్‌కు పోయాక మిగతా పిల్లలు ముక్కు మూసుకుంటే తెలిసింది.

నేను అయిదు పాసయ్యాక పాస్టరయ్య మా ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. "పెద్దదాన్ని మిషన్ హాస్టల్‌కు పంపుండ్రి. బయటిదేశం దొరసాని ఒకామె చదివిస్తదట" అన్నాడు. అవ్వ బీడీల చాట మీద నుంచి తలెత్తకుండానే "మరి చిన్నదో?" అంది. "ఇంటికి ఒక్కలేనమ్మా" అన్నాడాయన. ఇంటికి ఒక్కరే అనే ఆ నియమం ఎవరు పెట్టారో, ఏ బల్ల ముందు కూర్చుని పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకే కంచంలో తిన్న ఇద్దరు పిల్లల్లో ఒకర్ని తీసుకుని ఒకర్ని వదలడం వాళ్ళకు లెక్కప్రకారం బాగానే కనిపించి ఉంటుంది.

చెల్లె నాకన్నా మూడేళ్ళు చిన్నది. నన్ను బస్సెక్కించే రోజు పలక పట్టుకుని వచ్చింది, తనూ వస్తున్నట్టు. కండక్టరు రైట్ అనేదాకా కిటికీ కడ్డీ వదల్లేదు.

"నన్నెప్పుడు తీస్కపోతవ్ అక్కా?"

"వచ్చే యేడు" అన్నాను. పదేళ్ళ దాన్ని, ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను. ఆ మాట నా మెడకు చుట్టుకుంది. ఎందుకంటే నేను హాస్టల్‌లో ఏబీసీడీలు దిద్దుతున్నప్పుడే దాన్ని మూడో తరగతిలో బడి మానిపించి ఆకు ముందు కూర్చోబెట్టారు. అవ్వ ఒక్కతే చేస్తే ఇల్లు గడవడం లేదట.

హాస్టల్ సంగతి చెప్పాలంటే ముందు గోధుమనూక ఉప్మా చెప్పాలి. బయటిదేశం నుంచి బస్తాల్లో వచ్చేది ఆ నూక, దాంతో పాటు డబ్బాల్లో నూనె. ఆ నూనెతో తాలింపు పెడితే హాస్టలంతా రంగు డబ్బా మూత తీసినట్టుండేది. పొద్దున అదే, కొన్నిసార్లు మాపటికీ అదే. దానికి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన, పంపినవాళ్ళ పేరు పేరునా. పాలపొడి మాత్రం అమృతం. వంటామె అటు తిరగ్గానే అరచేతిలో వేసుకుని నాలికకు అద్దుకునేవాళ్ళం. అది అంగిట్లో అంటుకుపోయి, మాట్రనమ్మ పిలిస్తే 'అమ్మా' అనడం కూడా వచ్చేది కాదు. అట్లా దొరికిపోయి ఎన్నిసార్లు గోడ కుర్చీ వేశామో.

ప్రతి పిల్లకూ ఒక దొరసానో దొరో ఉండేవాళ్ళు. మా బట్టలూ పుస్తకాలూ తిండీ వాళ్ళ పుణ్యమే. ఎవరూ ఎవర్నీ చూసింది లేదు, ఫొటోలు తప్ప. నా దొరసాని ఫొటోలో చెక్క ఇంటి ముందు నిలబడి ఉంది, పక్కన నా అంత కుక్క. ప్యాంటు వేసుకుంది. వంటామె ఫొటో తీసుకుని తిప్పి తిప్పి చూసి, "మొగుడు ఇంట్ల లేనప్పుడు ఆయన పైంటు తొడుక్కున్నట్టున్నది" అంది. ఆ మాట హాస్టలంతా పాకింది. నేను రెండు రోజులు వంటామెతో మాట్లాడలేదు. నా దొరసాని నాకు గొప్ప.

ఏడాదికొక ఉత్తరం. దసరా సెలవులు అయిపోయి రాగానే రాయాలి. ఓడలో పోవాలి కాబట్టి అప్పుడు రాస్తేగాని క్రిస్మస్‌కు అందదు. మా చెమట ఇంకా ఆరకముందే మాట్రనమ్మ నల్లబల్ల మీద క్రిస్మస్ శుభాకాంక్షలు రాసేది. ప్రభువు నామంలో వందనాలు, నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను. అంతవరకూ చూసి దింపుకోవాలి. ఆ తర్వాత నాలుగు వరసలు మా సొంతం. "మీ మనసుల ఉన్నది రాసుకోండ్రి" అనేది మాట్రనమ్మ. కాగితం పైసగం మా తెలుగు, కిందిసగం లెక్కల సారు రాసే ఇంగ్లీష్.

లెక్కల సారంటే ఒక్క మనిషి కాదు. లెక్కలు చెప్పేది ఆయనే, పాటల బృందాన్ని నడిపేది ఆయనే, హాస్టల్ బర్రెకు గడ్డి తెప్పించేది ఆయనే, క్రిస్మస్ నాటకంలో హేరోదు రాజు వేషం కూడా ఆయనదే. మాకు ఆయన ఇంగ్లీష్ మీద గొప్ప నమ్మకం.

నా నాలుగు వరసలు చెల్లెకే. మొదటి ఏడు మర్యాదగా రాశాను. మా చెల్లెను కూడా చదివించగలరు, దానికి చదువు మీద ఆశ ఉన్నది అని. మోదుగ పూసే రోజులకు జవాబు వచ్చింది. సారు తెలుగులో చదివి వినిపించాడు. వాకిలి దాకా మంచు పడిందట. చెట్టును ఇంట్లోకి తెచ్చి దీపాలు పెట్టారట. పెద్ద పక్షిని కాల్చుకుని చుట్టాలందరూ తిన్నారట. ఆ తర్వాత సారు కొంచెం దగ్గి, "మీ ఆవుకు దూడ పుట్టిందని విని సంతోషం. దానికి ఏం పేరు పెట్టావు?" అని చదివి, కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

మాకు ఆవు లేదు. మాకు రెండు కోళ్ళు. ఎవరిదో ఉత్తరం కలిసిపోయి ఉంటుందని సర్దుకున్నాను.

రెండో ఏడు కొంచెం గట్టిగా రాశాను. మా చెల్లెకు పన్నెండో ఎక్కం దాకా వచ్చు, బడి మానిపించిన్రు, నా అన్నంలో సగం దానికి పెడత, వేరే కంచం కూడా వద్దు అని. ఈసారి జవాబుతో పాటు పెట్టెలో ఒక పొట్లం వచ్చింది. క్రిస్మస్ పెట్టెలు ఆలస్యంగా, ఒక్కోసారి ఎండాకాలం మొదట్లో దిగేవి. తెరిస్తే బట్టల మధ్య వేసే డాంబర్ గోళీల వాసన, వాడిన ఉన్ని బట్టల వాసన, పండు వాసన వేసే రబ్బరు ముక్కలు. రబ్బరును కొరికి చూడని పిల్ల లేదు. నా పొట్లంలో ఎర్ర రిబ్బను కట్టిన చిన్న ఇత్తడి గంట ఉంది. రెండో దూడ మెడకట. సారు ఆ మాట చదువుతుంటే పిల్లలు దుప్పట్లు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఆ రోజు నుంచి నన్ను 'దూడక్క' అనడం మొదలుపెట్టారు.

వేసవి సెలవులకు గంట పట్టుకుని ఇంటికి పోయాను. చెల్లె చాట ముందు కూర్చుని ఉంది. వేళ్ళు తంబాకుతో పసుపెక్కి ఉన్నాయి. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా దాని చేతులు ఆగేవి కాదు. ఆకు, పొడి, చుట్టు, దారం.

"దొరసానికి రాసినవా?"

"రాసిన."

"ఏమన్నది?"

"దూడ మంచిగున్నదా అని అడిగింది" అన్నాను.

అది నన్ను చూసి, మళ్ళీ ఆకు వైపు తిరిగింది. అవ్వ మధ్యలో కల్పించుకుంది. "దేశం గాని దేశంల ఉన్నామెకు మన దూడ పంచాయితెందుకే? అసలు మనకు దూడెక్కడిది?" బాపు మాత్రం గంట చూసి సంబరపడి తను జీతం ఉన్న రైతు ఎద్దుకు కట్టి వచ్చాడు. అవ్వ దాని మీద కూడా పోట్లాడింది. చెల్లె ఆ సెలవులంతా నాతో సరిగా మాట్లాడలేదు. నేను అడగలేదని, హాస్టల్ ఫ్రాకులూ బిస్కెట్లూ ఒక్కదాన్నే అనుభవించాలని దూడ కథ అల్లానని దాని అనుమానం. దాని మొహం మీద అది రాసి ఉన్నట్టే కనిపించేది.

మూడో ఏడు నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. మర్యాద మాటలన్నీ పక్కన పెట్టి, పెన్ను గట్టిగా నొక్కి రాశాను. 'మాకు దూడ లేదు. మాకు చెల్లె ఉన్నది. దాన్ని చదివిస్తరా చదివియ్యరా అది చెప్పుండ్రి.' కాగితానికి వెనక వైపు కూడా అక్షరాలు తేలాయి.

జవాబు వచ్చింది. మూడో దూడ పుట్టినందుకు దొరసాని కుటుంబమంతా సంతోషించిందట. మీ నాన్నగారు కష్టజీవి అయి ఉంటారు అని రాసింది.

ఆ ఏడు నేను క్రిస్మస్ నాటకంలో దేవదూతను. తెల్ల దుప్పటి కప్పుకుని, మైదా గంజితో అంటించిన కాగితం రెక్కలు కట్టుకుని 'భూమి మీద సమాధానము' అనాలి. అంత కోపంలో ఉన్న దేవదూత ఇంకెక్కడా ఉండి ఉండదు. పండక్కి మమ్మల్ని ఇళ్ళకు పంపేవాళ్ళు కూడా కాదు. కొత్త ఫ్రాకులు తొడిగి, కలర్ కాగితాల నక్షత్రం కింద వరసగా నిలబెట్టి ఫొటో తీయాలి, ఆ ఫొటో బయటిదేశం పోవాలి. పండుగ ఇంట్లో చేసుకుంటామంటే ఎవరు వింటారు. నవ్వమంటే నవ్వాలి. గరిజెలు, మాంసం కూర బాగానే పెట్టేవాళ్ళు, అబద్ధం ఎందుకు చెప్పాలి. రెండోసారి కూడా అడిగి వేయించుకునేదాన్ని. తింటూనే దొరసానిని తిట్టుకునేదాన్ని.

తొమ్మిదిలో ఉండగా బర్రె పలుపు తెంపుకుని సారును ఈడ్చి పడేసింది. కుడిచెయ్యి విరిగింది. సరిగ్గా ఉత్తరాల కాలం. సారు నన్ను పిలిచి, "నీ ఇంగ్లీష్ రాత మంచిగుంటది. చిన్నోళ్ళ ఉత్తరాలకు కింద నువ్వు రాయి" అని అట్ట చిరిగిన నోటుబుక్కు ఒకటి ఇచ్చాడు. అందులో ఒక్కటే ఉత్తరం. మీ దయవల్ల బాగా చదువుకుంటున్నాను, రోజూ మీకోసం ప్రార్థిస్తున్నాను, మా ఆవుకు దూడ పుట్టింది, మేమంతా సంతోషంగా ఉన్నాము. పేరు దగ్గర గీత. గీత మీద పిల్ల పేరు పెట్టుకుంటూ పోవడమే.

నాకు అర్థం కావడానికి ఆ ఉత్తరం మూడుసార్లు చదవాల్సి వచ్చింది.

"సార్, నా ఉత్తరం గూడ గిదేనా?"

"అందరిది గదే" అన్నాడు సారు, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"మా చెల్లె సంగతి రాసిన సార్. మూడేండ్ల సంది రాస్తున్న."

"సూసిన."

"సూసి?"

"సూసి ఏం చెయ్యాలె బిడ్డా? ఎనభై మంది. ఒకామె చెప్పులడుగుతది, ఒకామె అవ్వకు మందులడుగుతది. అడిగినయన్ని రాస్తె వాళ్ళు పరేషానయితరు. ఒకపారి ఒక పిల్ల సైకిలడిగింది. అడిగినట్టే రాసి పంపిన. ఆ దొరకు కోపమొచ్చి సాయం బంద్ వెట్టిండు. ఆ పిల్లను బస్సెక్కిచ్చి ఇంటికి తోలింది నేనే. అప్పటిసంది గీ నోటుబుక్కు వెట్టుకున్న."

"మరి దూడెందుకు సార్?"

"వాళ్ళకు దూడలంటె ఇష్టం" అన్నాడు.

మూడేళ్ళు నేను ఎవర్ని రాతిగుండె అని తిట్టుకున్నానో ఆ మనిషి నా మాట ఒక్కటి కూడా వినలేదు. ఆమెకు చేరిందల్లా దూడలే. నేను ఏడుస్తూనే గట్టిగా మాట్లాడాను, అంతకుముందు సారుతో ఎవరూ అట్లా మాట్లాడి ఉండరు. మా చెల్లె నాతో మాట్లాడుడు బంద్ చేసింది సార్, దాని వేళ్ళు చూసిన్రా మీరు, అన్నాను. సారు కిటికీలోంచి బర్రె వైపు చూశాడు.

"సరె. నీది ఉన్నదున్నట్టు నేను చెప్త, నువ్వు రాయి. కని చిన్నోళ్ళయి ముప్పయి ఉన్నయి, అవి గీ నోటుబుక్కు చూసి రాసిపెట్టాలె. ఈ ముచ్చట బయట ఎవ్వలకు చెప్పద్దు."

ఒప్పుకోవడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. మొదటి రోజు పైసగంలో పిల్లలు రాసింది చదువుతూ రాశాను. ఒకామెకు చెవిలో చీము కారుతోందట. ఒకామె నాయిన చనిపోయాడట. కింద నేను దూడను పుట్టించాను. చదవకుండా రాస్తే తొందరగా అయిపోతుందని రెండో రోజుకే తెలిసిపోయింది.

ఆ ఏడు జవాబు నేనే చదువుకున్నాను, సారు అవసరం లేకుండా. ఒక్క ఉత్తరానికే దొరసాని కరిగిపోయింది. ఇన్నాళ్ళూ చెల్లె సంగతి ఎందుకు చెప్పలేదని నన్నే అడిగింది. ఆమెకూ ఒక చెల్లె ఉందట, ఆమె మా చెల్లెను చదివిస్తుందట. దీనికోసం దూడల్ని అమ్ముకోవద్దని కూడా రాసింది.

వేసవిలో ఆ కాగితం తీసుకుని ఇంటికి పోయాను. చదివి వినిపిస్తుంటే చెల్లె చేతులు మొదటిసారి ఆగాయి. "నువ్వు రాయలేదనుకున్న అక్కా. అన్ని దొంగమాటలు చెప్తున్నవనుకున్న" అంది. నేను గొప్పగా నిలబడి ఆ మాట విన్నాను. నోటుబుక్కు సంగతి చెప్పలేదు. సారుకు మాటిచ్చాను కదా. అంతకన్నా, దొరసాని మనసు మార్చిన అక్కగా ఉండటం నాకు నచ్చింది.

జూన్‌లో దాన్ని హాస్టల్‌కు తెచ్చాను. బయటిదేశం నుంచే పైసలు వస్తాయంటే ఇంటికి ఒక్కరే అన్న నియమం ఎవరికీ గుర్తు రాలేదు. నేను పదిలోకి వచ్చాను. బరువు దిగింది, మాట నిలబెట్టుకున్నాను అనుకున్నాను. చెల్లె మాత్రం మొదటి వారం నుంచే ఎండిపోయింది. గోధుమనూక వాసనకు వాంతి చేసుకునేది. దాని ఈడు పిల్లలు ఏడులో ఉంటే ఇది నాలుగులో కూర్చోవాల్సి వచ్చింది. పక్కనున్న పిల్లలు బీడీల వాసన అని జరిగి కూర్చునేవాళ్ళు. బైబిలు చదివేటప్పుడు చూస్తే ఒళ్ళో దాని వేళ్ళు కదులుతూ ఉండేవి. ఆకు లేదు, పొడి లేదు, ఊరికే చుడుతూ ఉండేది. నాకు చిరాకేసేది. ఇంత కష్టపడి తెస్తే కృతజ్ఞత లేదని ఒకసారి మొహం మీదే అన్నాను.

దసరా తర్వాత ఉత్తరాలు రాశారు. సారు చెయ్యి బాగుపడింది. అయినా నోటుబుక్కు, కాగితాల కట్ట నాకే ఇచ్చాడు. "నీకు అలవాటయింది గదా" అన్నాడు. చకచకా రాసుకుంటూ పోతుంటే తెలిసిన రాత ఒకటి కనిపించి ఆగాను. చెల్లెది. దాని నాలుగు వరసలు ఆరు వరసలయ్యాయి.

'దొరసానమ్మా, నన్ను ఇంటికి పంపియ్యమని మా సారుకు చెప్పుండ్రి. మా అవ్వ ఒక్కతే ఆకు కత్తిరిస్తున్నది, ఆమెకు దగ్గు. మా అక్కకు ఇక్కడ మంచిగున్నది, నాకు మంచిగ లేదు. అక్కకు చెప్తె కోపానికొస్తది. ఎవ్వలకు చెప్పినా ఇంటలేరు. మీరు మా అక్క చెప్తె ఇన్నరు గదా, నేను చెప్తె గూడ ఇంటరు.'

నేను చేయగలిగినవి చాలా ఉన్నాయి, ఇప్పుడు కూర్చుని లెక్కపెడితే. ఆ కాగితం పట్టుకుని దాని దగ్గరికి పోయి పక్కన కూర్చోవచ్చు. నాలుగు రోజులు ఇంటికి పంపమని మాట్రనమ్మను అడగవచ్చు. అప్పుడు నాకు ఒక్కటే తోచింది. ఈ మాట ఇంగ్లీషులోకి పోతే ఆ దొరసాని సాయం ఆపుతుంది. సైకిలడిగిన పిల్లను ఎక్కించినట్టు దీన్నీ బస్సెక్కిస్తారు. మళ్ళీ చాట, మళ్ళీ తంబాకు. నాలుగేళ్ళ నా పాటు మట్టిలో పోతుంది. కోపం కూడా వచ్చింది, 'అక్కకు ఇక్కడ మంచిగున్నది' అన్నందుకు. గీత మీద దాని పేరు పెట్టాను. మా ఆవుకు దూడ పుట్టిందని రాశాను. కాగితాన్ని కట్టలో కింద పెట్టి ఇంకోటి తీసుకున్నాను.

మోదుగ పూలు వచ్చాయి, జవాబూ వచ్చింది. చెల్లె దాన్ని విప్పకుండా పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"జల్ది సదువు అక్కా."

మంచు పడిందని చదివాను. పిల్లలు ఆ మంచుతో బొమ్మ చేశారని చదివాను. దూడ ఎట్లా ఉంది, నీకు దానితో ఆడుకోవడం ఇష్టమా అని అడిగిందని చదివాను.

"ఇంటి సంగతి ఏమన్నది?"

"ఏమనలే."

"సరింగ సూడు. ఆ కిందికి ఉండొచ్చు."

కాగితం తిప్పి చూపించాను. అది నా మొహంలోకి కాసేపు చూసింది. నాలుగుగా మడిచి పరికిణీ నడుముకు దోపుకుని వెళ్ళిపోయింది. ఏడవలేదు. ఆ తర్వాత ఇంటికి పోతానని అనలేదు. ఉప్మా తినడం నేర్చుకుంది. నేను పది పాసై నర్సింగుకు పోయాక కూడా ఒక్కతే అక్కడే ఉండి పది గట్టెక్కింది.

చొప్పదండి దగ్గర అంగన్‌వాడీ టీచరుగా చేసి, ఈ మధ్యే రిటైరైంది. ప్రతి క్రిస్మస్‌కు మా పిల్లలందరి ముందు ఆ కథ చెప్తుంది. నేను ఇంటికి పోత అని రాస్తే దూడ మంచిగున్నదా అని అడిగింది చూడు ఆ దొరసాని, అని. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

మొన్న సండేస్కూల్ పిల్లను అరిచి పంపాక, సాయంత్రం చెల్లెకు ఫోన్ చేశాను. ఇంక చెప్పేద్దామని. ఇద్దరికీ జుట్టు నెరిసింది, దొరసాని లేదు, సారు లేడు, హాస్టల్ కూల్చి ఎవరో ఇళ్ళు కట్టుకున్నారు. చెప్తే ఏమవుతుంది.

"నీ దొరసాని ఉత్తరం యాదికున్నదానె?" అన్నాను.

"యాదికి లేకేంది" అని నవ్వింది. "ఒక్కటి చెప్పాల్నా అక్కా. ఆమె గట్ల రాసిందనే నేను అక్కడ నిలవడ్డ. మన లోపలి మాట ఎవ్వలకు రాసినా, ఎంత దూరం రాసినా ఎవ్వలు ఇనరని ఆ దినమే సమజైంది. ఇగ అడుగుడు ఇడ్సిపెట్టిన. మంచిదే అయింది తియ్యి, పానం తేలికైంది."

నిజమే, అది ఆ తర్వాత ఎవర్నీ ఏమీ అడగలేదు. పెళ్ళిలో ఏ చీర కావాలంటే ఏదైనా సరే అంది. మొగుడు పోయినప్పుడు నేను అడిగేదాకా పిల్లల ఫీజుల మాట ఎత్తలేదు. మూడేళ్ళ కింద కడుపులో గడ్డకు ఆపరేషనయితే పక్కింటామె ఫోన్ చేసి చెప్పింది నాకు. నర్సు అక్కను నేను. ఎందుకు చెప్పలేదే అని ఆసుపత్రి మంచం దగ్గర దాని మీద ఎంత అరిచానో. అది ఊరికే నవ్వి ఊరుకుంది. అదొక మొండి మనిషి, ఎవరికీ ఏమీ చెప్పదు అని ఇన్నేళ్ళూ అందరితో చెప్పుకుంటూ వచ్చాను.

"ఇంకేంది అక్కా?" అంది చెల్లె ఫోన్‌లో. "ఏమన్న పనుండి చేసినవా, ఊకెనేనా?"

"ఊకెనే" అన్నాను.